తడిమి చూస్తే

“కళ్ళకు గంతలతోనే మీ మీ చెట్లు పోల్చారుగా! ఇప్పుడు చేతులు తడిమి మీ అమ్మల్ని పోల్చండి,” అంది, పిల్లల్ని తోటలో తిప్పి పాఠాలు చెప్పే టీచరు. అని, తమాషాకి తనూ అమ్మల వరసలో చెయ్యి చాచి నిలబడింది.

కుట్టుమిషను ఆపి వచ్చి ఆ వరసలో నిలబడ్డ ఓ తల్లికి ఒళ్ళు మండింది. కొన్నాళ్ళుగా ఇంట్లో కూతురిది ఒకటే పాట. వానపామును ముట్టుకోవచ్చంది టీచరు, ఆకు ఈనెలు చూడమంది టీచరు. అన్నం పెట్టేది తనూ, జపం ఆవిడదీ!

కూతురు ఒక్కో చెయ్యీ తడుముతూ వచ్చి టీచరు దగ్గర ఆగిపోయింది. వేళ్ళు నిమిరింది, అరచేతిలో మట్టి వాసన చూసింది.

“మా టీచరే!” అంది మురిసిపోతూ. ఇంకా వదల్లేదు.

తల్లి సూదిపోట్లతో గరుకెక్కిన తన చేతిని వెనక్కి దాచేసుకుని, బుస్సుమని నిట్టూర్చింది.

అంతే. పిల్ల టీచరు చెయ్యి వదిలేసి, మధ్యలో ఎవరినీ తడమకుండా నేరుగా వచ్చి తల్లి నడుం చుట్టేసింది.

“చెయ్యి ముట్టుకోకుండానే ఎలా పోల్చావే?” అంది తల్లి.

గంతలైనా విప్పకుండా నవ్వింది పిల్ల.

“ఇంట్లో టీచరు పేరెత్తినప్పుడల్లా ఇలాగే బుసకొడతావుగా అమ్మా!”