గడియారం, నత్త, టపాకాయ, రంపం, వదిన

"గడియారం, నత్త, టపాకాయ, రంపం..." అని ఆగిపోయాడు ప్రూఫ్ రీడరు.

"వదిన!" అంది భార్య, ఆస్పత్రి వరండాలో నలుగురూ తిరిగి చూసేలా. వెంటనే గొంతు తగ్గించి, "సొంత వదినని మర్చిపోతే ఎలాగండీ?" అంది.

"ఆవిణ్ణి మర్చిపోవాలని నలభై ఏళ్లుగా చూస్తున్నానే. ఇవాళ్టికి కుదిరింది."

గ, న, ట, ర, వ. కంటి పరీక్ష చార్టులో ఐదో వరుస. పైనున్న నాలుగు వరుసలూ కూడా ఆవిడ ఇలాగే వంటింట్లో కూర్చోబెట్టి బట్టీ పట్టించింది. పోయినసారి పరీక్ష అయ్యాక ఆయన్ని తీసుకురావడానికి లోపలికెళ్లి, చెప్పులు వెతుకుతున్నట్టు నటిస్తూ చార్టు మొత్తం చీటీ మీదికి ఎక్కించుకొచ్చిన ఘనత కూడా ఆవిడదే.

ముప్పై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల అచ్చుతప్పులు పట్టిన మనిషికి చివరికి సొంత కంట్లోనే తప్పు పడింది. రెటీనా నడిమధ్య అరిగిపోతోందన్నారు. ఎటు చూస్తే అటు, సరిగ్గా చూసినచోటే మసక. అంచులు మాత్రం మిగిలాయి. "నీ జుట్టు బ్రహ్మాండంగా కనిపిస్తోందే, మొహమే అచ్చులో పోయింది" అంటాడు పెళ్లాంతో. మొదట్లో ఆవిడ నవ్వేది. ఇప్పుడు ఆయనకి అనే ఓపికా తగ్గింది, ఆవిడకి నవ్వే ఓపికా తగ్గింది.

ఆర్నెల్ల కిందట ఎడమ కంట్లో సూదితో కొత్త కణాలు వేశారు. మూలకణాల నుంచి ల్యాబులో పెంచినవి. "మూలనపడ్డ కంటికి మూలకణాలన్నమాట" అని ఆయన అంటే డాక్టరు కూడా నవ్వాడు. నవ్వి, షరతు చెప్పాడు. "ఇది ఇంకా ప్రయోగమే. ఆర్నెల్లకి ఐదో వరుస చదివితే కుడి కంటికీ వేస్తాం. లేకపోతే మీ పేరు తీసేసి వెనకవాళ్లని పిలుస్తాం."

అప్పట్లో ఆయన పై వరుస ఒక్కటి చదివాడు, అదీ సగం ఊహించి. ఇప్పుడు ఆ ఒక్కటీ లేదు. చార్టు వెనక లైటు పెట్టె వెలుగు తప్ప అక్షరం ఆనదు.

"ఎడమది అచ్చిరాలేదు, సరే. కుడిదైనా అచ్చిరావచ్చుగా?" అంటుంది భార్య. వాదించలేక ఆయన ఒప్పుకున్నాడు. వాదించడానికీ చూపులాగే కొంత మిగిలుండాలి.

"ఆ టెస్టింగు మేడమ్‌తో జాగ్రత్త," అంది ఆవిడ. "పంతొమ్మిదేళ్లుగా అదే గది, అదే చార్టు. ఒక్కనాడూ మనిషి మొహంలోకి సూటిగా చూసి మాట్లాడదు. అంతా ఓరచూపే. ఎంత పొగరో!"

"ఈ వయసులో నామీద ఓరచూపు విసిరేవాళ్లున్నారంటే, విసరనీవే."

"వేళాకోళం చాలు. గడగడా అప్పజెప్పేయకండి. మధ్యలో ఒక్క తప్పైనా చెప్పండి, నమ్ముతుంది."

"తప్పా? నేనా?"

తెలిసి తెలిసి ఒక్క తప్పునైనా వదలని నోరు అది.

భోజనాల విరామం తర్వాత మొదటి పిలుపు ఆయనదే. తోడొచ్చినవాళ్లు బయటే ఉండాలి.

గదిలో చీకటి. ఎదుటి గోడకి లైటు పెట్టె తెల్లగా వెలుగుతోంది. దాని నడుమ ఎప్పటిలాగే ఆయన మసక. మేడమ్ గోడకి చెయ్యి రాసుకుంటూ వచ్చి, కుర్చీ తడిమి, ఉస్సురంటూ కూర్చుంది. ఆయన కుడి కంటికి మూత పెట్టబోతే వేలు ముక్కుకి తగిలింది.

"ముక్కుతో చదవమంటారా?"

"అయ్యో, ఏమనుకోకండి. అలసిపోయి ఉన్నాను."

"ఇంకెన్నాళ్లండీ మీ సర్వీసు?"

"ఆరేళ్లు," అంది శిక్ష చదివినట్టు. "కానివ్వండి. పైనుంచి."

ఆయన మొదలుపెట్టాడు. నాలుగు వరుసలు నెట్టుకొచ్చాడు. అక్కడక్కడ నసిగాడు, ఒకచోట దగ్గాడు. ఐదోది వచ్చింది.

"గ..." గడియారం. తర్వాత నత్త. నాలుక అటే పోతోంది. పట్టి లాగాడు. "స..." అన్నాడు. "ట... ర..." వదిన మళ్లీ పారిపోయింది. వెతికి లాక్కొచ్చాడు. "వ."

పెన్ను ఆగింది. ఆయన గుండె కూడా ఆగినంత పనైంది.

"రెండోది తప్పు," అంది మేడమ్. "స కాదు, న. మిగతావి సరే. ఒక్క తప్పు పర్వాలేదు. పాసయ్యారు."

ఆయన ఊపిరి వదిలాడు. లేవబోతుంటే మేడమ్ గొంతు తగ్గించింది.

"ఒక్క మాట. ఇది ఫారంలో లేదు, నేనే అడుగుతున్నాను. నిజంగా తేడా తెలుస్తోందా?"

"బ్రహ్మాండంగా!"

"సూది నొప్పి పెడుతుందా?"

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"అలాగా," అంది. తన కనురెప్ప మీద ఓసారి వేలు రాసుకుంది. అప్పుడు గంట నొక్కింది.

భార్య లోపలికొచ్చింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ నొక్కుడుకి అర్థం ఆవిడకి తెలుసు. ఎన్నాళ్లకో మొహం విప్పారింది. అది చూసే అదృష్టం మాత్రం ఆయనకి లేదు.

మేడమ్ ఫారం చాచింది, భార్య ఉన్న వైపు కాదు, తలుపు వైపు. 'మర్యాదగా చేతికివ్వడం కూడా రాదు, పొగరుబోతు' అనుకుంటూ ఆవిడే అటు నడిచి అందుకుంది.

గుమ్మం దాటబోతూ, ఇంత మేలు చేసిన ఐదో వరుసని కడసారి చూసుకుందామని వెనక్కి తిరిగిన ఆవిడకి లైటు పెట్టెలో కనిపించింది చార్టు కాదు, ఖాళీ తెల్ల అద్దం మీద అంటించిన అరచేతంత చీటీ: "చార్టు కడగడానికి తీశాం, మూడింటిదాకా పరీక్షలు చెయ్యొద్దు."