మూడో రౌండ్

"నీ క్రేన్ మూడో రౌండ్ దాటడు. రాసిపెట్టుకో," అన్నాడు శ్యామ్‌సుందర్, మంచు అంటిన కోటైనా విప్పకుండా సోఫా అంచున కూర్చుంటూ.

ఎదురుగా రిక్లైనర్‌లో ఉన్న జగన్మోహన్ టీవీ వైపే చూస్తున్నాడు. తెర మీద ఓటిస్ క్రేన్, వర్నన్ బ్రాడీల ఫొటోలు పక్కపక్కన పెట్టి నలుగురు యాంకర్లు పోట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఒకప్పటి హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్లు. ఇద్దరికీ అరవై దాటాయి. ఒకరితో ఒకరు ఎన్నడూ తలపడలేదు. ఇప్పుడు రింగులోకి దిగితే ఎవరు గెలుస్తారన్నదే గొడవంతా.

నోవై ఊళ్లోని ఈ ఇంట్లో ఆ గొడవ ముప్పై ఏళ్ల నాటిది. కార్ల కంపెనీలో పక్కపక్క డెస్కుల్లో చేరిన రోజు నుంచీ జగన్మోహన్‌ది క్రేన్ పార్టీ, శ్యామ్‌సుందర్‌ది బ్రాడీ పార్టీ. భార్యలు విసుక్కున్నారు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాదన మాత్రం తెగలేదు. మొన్న నవంబర్‌లో, ఇదే గదిలో, ఇదే వాదన మధ్యలో, జగన్మోహన్ ఏదో అనబోయి అనకుండానే ఆగిపోయాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాలుగు నెలలైంది.

అయినా శ్యామ్‌సుందర్ ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు. ఇక రావడం కుదరదు. ఇల్లు అమ్మేశాడు, రేపు పొద్దున్నే ఫీనిక్స్‌కి ఫ్లైట్, ఇకపై కూతురి దగ్గరే. వెళ్లేలోగా జగన్మోహన్ నోట ఒక్క మాట వినాలని వచ్చాడు. తిట్టినా సరే.

"అంకుల్, మళ్లీ అదే టాపిక్కా?" టీ కప్పులతో వంటగదిలోంచి వచ్చింది జగన్మోహన్ కూతురు రేణు. "ఆ రోజు ఏమైందో మర్చిపోయారా?"

"మర్చిపోతే ఇక్కడికెందుకొస్తానమ్మా?"

"అయితే టీ తాగి, ప్రశాంతంగా బై చెప్పి వెళ్లండి. నాన్నకి అసలే బీపీ కంట్రోల్‌లో లేదు." టీపాయ్ మీద పరిచి ఉన్న కప్పు, కుక్క, యాపిల్ బొమ్మల కార్డుల్ని పక్కకి జరిపి కప్పులు పెట్టింది.

శ్యామ్‌సుందర్ టీ ముట్టుకోలేదు. కార్పెట్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న రేణు కూతురి వైపు తిరిగాడు. "వేదా, మీ తాతతో చెప్పమ్మా. క్రేన్‌కి కుడిచెయ్యి పనికిరాదు. జీవితమంతా ఎడమచేత్తోనే నెట్టుకొచ్చాడు. ఒక్క చేత్తో బ్రాడీని ఆపుతాడా?"

రేణు ముఖం మాడిపోయింది. "అంకుల్, ఇంక చాలు."

"బట్ శ్యామ్ తాతా, ఆ లెఫ్ట్ హుక్‌తోనే కదా అందర్నీ పడేశాడు," అంది వేద. పదహారేళ్ల ఆ పిల్లది మొదటినుంచీ తాత పార్టీయే. "తాత నాకు వీడియోస్ అన్నీ చూపించాడు."

"అవి ఏనాటి ముచ్చట్లే? ఇప్పుడు వాణ్ణి రింగులోకి ఎక్కించడానికే ఇద్దరు పట్టుకోవాలి. మొదటి రౌండ్‌లో ఊపిరి అందదు. రెండో రౌండ్‌లో కాళ్లు నిలవవు. మూడో రౌండ్‌లో నావల్ల కాదు బాబోయ్ అని చేతులెత్తేస్తాడు."

జగన్మోహన్ మెడ నరాలు ఉబ్బాయి. దుప్పటి బయట ఉన్న ఎడమచెయ్యి రిక్లైనర్ అంచుని గట్టిగా పట్టుకుంది. రేణు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"లేవండి అంకుల్. ముప్పై ఏళ్ల ఫ్రెండ్‌తో ఎవరైనా ఇలా మాట్లాడతారా? మీకు మనసెలా ఒప్పుతోంది?"

శ్యామ్‌సుందర్ లేచాడు గానీ గుమ్మం వైపు వెళ్లలేదు. ఆమెను తప్పించుకుని రిక్లైనర్ దగ్గరకే వెళ్లాడు. గొంతు మాత్రం తగ్గించలేదు.

"క్రేన్ పిరికివాడురా. ఒక్క దెబ్బ తగిలితే మూల చూసుకుని కూర్చునే రకం. వాణ్ణి నమ్ముకున్నవాళ్లూ అంతే."

జగన్మోహన్ చెయ్యి విసురుగా తగిలి రిమోట్ కింద పడింది. బ్యాటరీలు సోఫా కిందకి దొర్లిపోయాయి. "తాతా," అంటూ వేద లేచి నిలబడింది.

"ఏరా, కాదంటావా?" శ్యామ్‌సుందర్ వంగి అతని ముఖంలో ముఖం పెట్టాడు. "అయితే నోరు తెరిచి చెప్పు. నవంబర్‌లో ఏదో అనబోయావుగా, అది ఇప్పుడు అను. రేపు నేను ఫ్లైటెక్కాక ఫోన్ చేసి చెప్తావా?"

రేణు అతని కోటు పట్టుకుని వెనక్కి లాగింది. "ఇంకొక్క మాట అంటే నేనే మిమ్మల్ని బయటికి పంపేస్తాను. నిజంగానే అంటున్నా."

"పంపెయ్ తల్లీ. ఒక్క నిమిషం ఆగి పంపెయ్."

జగన్మోహన్ కళ్లు ఎర్రబడ్డాయి. గడ్డం వణికింది. పెదాలు ఒకసారి విడివడి, మళ్లీ మూసుకుని, మళ్లీ విడివడ్డాయి.

"నీ..."

రేణు చేతిలోంచి కోటు జారిపోయింది.

"నీ మొహం," అన్నాడు జగన్మోహన్.

శ్యామ్‌సుందర్ అక్కడే కార్పెట్ మీద కూలబడ్డాడు. స్నేహితుడి మోకాలికి తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "క్రేనే గెలుస్తాడ్రా. మూడో రౌండ్‌లోనే. నాకౌట్," అన్నాడు ఏడుపు మధ్యలో.

నవంబర్‌లో పక్షవాతం వచ్చాక జగన్మోహన్ పలికిన మొదటి మాట అది.