నాలుగు దారుల అరుగు

అడవిలో నాలుగు దారులు కలిసే చోట అడవిపందులు దుమ్ము రేపుతూ పరుగెత్తేవి. ఒకరోజు అక్కడ దారి దాటుతుండగా కౌజు పిట్ట పిల్ల ఒకటి వాటి కాళ్ళ కింద పడి చచ్చిపోయింది. తల్లి ఏడుస్తూ అడవికి పెద్దయిన నక్క దగ్గరికి వెళ్ళింది.

నక్క ఎంతో జాలిపడింది. "మిగతా పిల్లలకైనా త్వరగా నడవడం నేర్పించమ్మా" అని ఉచితంగా సలహా ఇచ్చింది.

ఈ మాట విని ఏదుపందికి ఒళ్ళు మండింది. మన్ను తవ్విపోసి, దారులు కలిసే చోటంతా అరుగులా ఎత్తు చేసి, నాలుగు వైపులా ఏటవాలుగా సర్దింది.

మర్నాడు దూసుకొచ్చిన పందుల నాయకుడికి ఆ ఎత్తు చూసి వేగం తగ్గించక తప్పలేదు. అరుగు మీద కౌజు పిట్ట పిల్లలతో దారి దాటుతోంది.

"ఎవరు కట్టారిది? ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాం, ఇక్కడ ఒక్క ప్రమాదమైనా జరిగిందా?" అని పంది గుర్రుమంది.

"మొన్న నా బిడ్డ పోయింది కదయ్యా" అంది కౌజు పిట్ట.

"అది సరే, మాకేమైనా అయిందా అని అడుగుతున్నాను!"

చివరి పిల్ల అరుగు మధ్యలో ఆగి, తీరిగ్గా ఒక గింజ ఏరుకుంది. అది దాటేదాకా పంది అక్కడే నిలబడింది.