నుదురు గారు

మొగుడు కాఫీ కప్పు పట్టుకుని నేల మీద పాకుతూ వచ్చాడు.

కెమెరాలో పడకూడదని.

ఇస్త్రీ బల్లే ఆమె చదువుకునే బల్ల. కొత్త కాపురం. ఇంట్లోకి ఇంకా మంచం, రెండు కప్పులు, ఈ ఇస్త్రీ బల్ల మాత్రమే వచ్చాయి. బల్ల అంచు దగ్గర కప్పుతో సహా ఒక చెయ్యి పైకి లేచింది. ఆమె నవ్వాపుకుంటూ అందుకుంది.

తెర మీద విదేశీ యూనివర్సిటీ వాళ్ల ట్రయల్ క్లాసు నడుస్తోంది. చదువంతా ఇంట్లోనే. ఏడాదికోసారి అక్కడికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావాలి. చేరేదీ లేనిదీ శుక్రవారం చెప్పాలి. చేరితే ఆసుపత్రి రిసెప్షన్‌లో పొద్దస్తమానం నవ్వుతూ టోకెన్లిచ్చే ఉద్యోగం నుంచి బయటపడొచ్చు.

"ఇంకొక్కసారి, నెమ్మదిగా చెప్తారా?"

తెర మీద ఓ మూల గడిలోంచి వచ్చిందా గొంతు. ఆ గడిలో ఎప్పుడు చూసినా కనిపించేది ఒక నుదురు. మిగతా ముఖమంతా కిందికి వంగి ఉంటుంది.

"వచ్చారండీ నుదురు గారు!" అన్నాడు మొగుడు, నేల మీద నుంచే.

మైకు ఆపి ఉందో లేదో చూసుకుని మరీ ఆమె కిసుక్కున నవ్వింది.

"సగటుకీ మధ్యగతానికీ తేడా ఏంటో నాకు ఎక్కలేదు," అంటున్నాడు ఆయన.

"మూడోసారి!" అన్నాడు మొగుడు.

మేడమ్ మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఆమెకీ అది అప్పుడే అర్థమైంది. ఆ సంగతి మొగుడితో అనలేదు. సాహిత్యం చదువుకుని లెక్కల కోర్సులోకి దిగింది మరి. తనకంటే మొద్దు ఇంకొకరున్నారంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో!

సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"ఇంట్లో కూర్చుని ఫారిన్ డిగ్రీ ఏంటే తల్లీ? ఈత నేర్పుతానని స్నానాలగదికి తీసుకెళ్లినట్టుంది!"

"అలా తీసిపారెయ్యకు వదినా. అక్కడ సహాయకుడని ఒకాయన ఉన్నారు. పేరు ఉండదు, ముఖం ఉండదు. క్లాసులో నోరు విప్పలేకపోతే అప్పటికప్పుడు ఆయనకి టైప్ చెయ్యొచ్చు."

"చేస్తే?"

"మంచి సందేహం, క్లాసు వింటూ ఉండండి అంటారు. ఎలాగో అర్థమైపోతుంది. ఒకటే పదిసార్లు అడిగినా విసుక్కోరు వదినా. మా నాన్నకి కూడా నా మీద అంత ఓపిక లేదు."

"అయితే నువ్వు చేరేది డిగ్రీకి కాదు, ఆ ఓపికకి."

"అలాగే అనుకో. అలాంటి మనిషి ఒక్కరున్నా చాలు, ఆ డిగ్రీకి విలువున్నట్టే."

బుధవారం క్లాసు మధ్యలో విరామం ఇచ్చారు.

"ఏదీ, నుదురు గారిని చెయ్యి!" అన్నాడు మొగుడు.

ఆమె తల వంచింది. నుదురు మాత్రం కెమెరాకి చూపించింది. గొంతు బొంగురు చేసుకుని, ఆయన ఇంగ్లీషు యాస కూడా పోకుండా అంది.

"ఇంకొక్కసారి... నెమ్మదిగా... నాకు బుర్ర లేదు కదండీ!"

మొగుడు నేల మీద దొర్లాడు. ఆమె కూడా కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వి తలెత్తింది.

తెర మీద ఏ గడిలోనూ ఎవరూ కదలడం లేదు.

విరామమే కదా అని ఈసారి చూసుకోలేదు. మైకూ కెమెరా రెండూ పనిచేస్తూనే ఉన్నాయి.

మూల గడిలో నుదురు మెల్లగా పైకి లేచింది. మొదటిసారి ముఖం మొత్తం కనిపించింది. పెద్దాయన. పల్చటి కళ్లజోడు. కోపంగా చూసినా బాగుండేది. తప్పు తనదే అన్నట్టు చిన్నగా నవ్వారు.

గడి నల్లబడిపోయింది.

"సారీ చెప్పెయ్," అన్నాడు మొగుడు, కింద నుంచి గొణుగుతూ.

"ఎవరికి చెప్పను? వెళ్లిపోయారుగా."

నాలుగు మాటలు రాసి పంపొచ్చు. చేతులు రాలేదు. మిగతా క్లాసంతా కెమెరా ఆపుకుని కూర్చుంది. రేపు చెప్తానులే అనుకుంది.

మర్నాడు ఆ గడి లేదు.

క్లాసులో ఒక ముక్క అర్థం కాక సహాయకుడికి టైప్ చేసింది. జవాబు రాలేదు. క్లాసులోనూ ఎవరూ ఏమీ అడగలేదు. మేడమ్ పాఠం గబగబా సాగిపోయింది.

శుక్రవారం మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఆమె వంతు వచ్చింది.

"చేరతాను మేడమ్. ఆ సహాయకుడు లేకపోతే నేనెప్పుడో మానేసేదాన్ని. ఆయన కోసమే చేరుతున్నాను."

మేడమ్ రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టారు.

"ఆయన బుధవారమే మానేశారు."

"అయ్యో, ఎందుకు?"

"ఈ కోర్సు ఆయన కిందటేడే పూర్తి చేశారు. కొత్తవాళ్లకి తోడుంటానని ఆయనే ముందుకొచ్చారు. ఇప్పుడేమో తన వల్ల క్లాసు నవ్వులపాలవుతోందని చెప్పి వెళ్లిపోయారు."

కాఫీతో పాకుతూ వస్తున్న మొగుడు సగం దారిలోనే ఆగిపోయాడు.

"అయితే, చేరుతున్నట్టేనా?" అడిగారు మేడమ్.

ఆమె తల వంచుకుంది. తెర మీద ఆమె గడిలో ఇప్పుడు నుదురొక్కటే కనిపిస్తోంది.

ఇలా తల వంచుకునే ఆయన రోజూ ఫోన్‌లో చదివినవీ, తనవే అన్నట్టు పైకి అడిగినవీ ఆమె టైప్ చేసిన సందేహాలే.