హీరోగారి అమ్మ

“అమ్మ సంగతి నాకొదిలేయమన్నాను కదా. అదిగో, ఆ బల్ల మీద కూర్చుంది,” అన్నాడు లాయరు గొంతు తగ్గించి.

కోర్టు వరండాలో స్తంభం చాటున నిలబడ్డ సినిమా హీరో నల్లకళ్లద్దాలు కాస్త దించి అటు చూశాడు. నెరిసిన జుట్టు, వెలిసిన శాలువా. ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని ఓ పెద్దావిడ ఒద్దికగా కూర్చుని ఉంది.

“ఎవరామె? నాటకాల మనిషా?”

“కాదు. నమ్మకస్తురాలు. అంతకంటే అడక్కండి.”

“ముందు మా అమ్మనే అడిగాను సార్. నా కారు నేనే నడుపుకుంటున్నాను, నీకోసం మంచం పట్టమంటావా అని మొహం మీదే చెప్పేసింది.”

“మంచిదైంది. ఆవిడొస్తే కేసు గుమ్మంలోనే పోయేది.”

లాయరు మొహం తుడుచుకున్నాడు. కోర్టు చుట్టుపక్కల ఆయన్ని సాకుల లాయరంటారు. ఒళ్లు తెలియని వేగంతో కారు తోలి పట్టుబడ్డ పెద్దమనుషులందరికీ ఆయనే దిక్కు. కారులో కందిరీగ దూరిందని ఓ మంత్రిగారిని గట్టెక్కించాడు. కడుపు పట్టుకుని ఇంటికి పరుగెత్తాల్సొచ్చిందని ఓ గాయకుణ్ణి, అభిమానులు వెంటపడ్డారని ఓ ఆటగాణ్ణి ఒడ్డున పడేశాడు. కానీ కొత్త మేజిస్ట్రేటమ్మ వచ్చాక ఆయన పప్పులు ఉడకడం లేదు. వరసగా రెండు కేసులు పోయాయి. ఇదీ పోతే హీరో లైసెన్సు ఏడాదిపాటు రద్దవుతుంది. దాంతోపాటే లాయరు పేరూ మట్టిలో కలుస్తుంది, పెద్దమనుషులు వేరే గుమ్మం చూసుకుంటారు. ఈ వయసులో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక ఆయనకి లేదు. అసలు చెప్పాలంటే, ఈమధ్య దేనికీ ఓపిక లేదు.

పెద్దావిడ మాత్రం అడగ్గానే ఒప్పుకుంది. “కారులోనేనా వెళ్లడం?” అని ఒక్కటే అడిగింది. తీరా బయల్దేరేవేళకి లాయరుకి హీరోగారి నుంచి పిలుపొచ్చింది. చివరికి గుమాస్తా ఆవిణ్ణి బస్సులో తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు.

లాయరు ఆవిడ దగ్గరికెళ్లి వంగాడు. “ప్రతి శుక్రవారం మోకాళ్ల వైద్యానికి కొడుకే తీసుకెళ్తాడు. వేరేవాళ్లు నడిపితే కళ్లు తిరుగుతాయి. అంతే. గుర్తుందిగా?”

“ఉంది,” అంది పెద్దావిడ, ఆయన మొహంలోకి చూస్తూ. “పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు.”

“అవన్నీ తర్వాత,” అన్నాడు లాయరు. అంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది.

“మళ్లీ అమ్మేనా?” అంది మేజిస్ట్రేటు, కాగితాలు పక్కన పెడుతూ. “ఈ ఊళ్లో కారు వేగంగా తోలేవాళ్లందరి తల్లులకీ జబ్బులే. రానివ్వండి.”

పెద్దావిడ బోనెక్కింది, గుమాస్తా చెయ్యందిస్తే.

“నిజమే చెబుతానని ప్రమాణం చేశారు. తెలుసు కదా?”

“తెలుసమ్మా. నా కొడుకు గురించి అబద్ధం చెప్పను.”

“కిందటి శుక్రవారం ఆసుపత్రికి అతనే తీసుకెళ్లాడా?”

పెద్దావిడ కాసేపు బోను చెక్కని వేలితో నిమిరింది. “లేదమ్మా.”

హీరో మెడ గిర్రున లాయరువైపు తిరిగింది. కొంప మునిగిందనుకున్నాడు లాయరు.

“పోనీ, అంతకుముందు?”

“ఎప్పుడూ లేదమ్మా. ‘నేనొస్తాను, ఉండు’ అంటాడు. చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటాను. ఆసుపత్రి మూసేవేళకి ఫోన్ చేసి కుదర్లేదంటాడు. మర్నాడు బస్సులో పోతాను. చెడ్డవాడు కాదు. పెద్దపెద్దవాళ్లతో పని వాడికి. ఊళ్లోవాళ్ల తంటాలన్నీ నెత్తినేసుకుంటాడు, నా వంతు వచ్చేసరికి చీకటి పడిపోతుంది.”

లాయరు గబుక్కున లేచాడు. “మేడమ్, ఆవిడ ఒంట్లో బాగాలేక…”

“కూర్చోండి.”

కూర్చున్నాడు. కూర్చున్నాక తలెత్తలేకపోయాడు. సిగ్గేసింది. సాక్షి మాట తప్పినందుకు కోపం రావాలి కదా, అదీ రాలేదు.

“ఎప్పుడూ తీసుకెళ్లనివాడికి లైసెన్సు ఉంటేనేం, ఊడితేనేం?” అంది మేజిస్ట్రేటు.

“తీసేస్తే ఇంక రాడని తెలిసిపోతుంది కదమ్మా,” అంది పెద్దావిడ. “ఇప్పుడైతే, ఈ వారం వస్తాడేమో అని ఉంటుంది.”

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

“ఇన్నాళ్లకి ఈ బోనులో ఒక నిజం విన్నాను,” అంది హీరోతో. “జరిమానా కట్టండి. లైసెన్సు ఈసారికి ఉంచుతున్నాను. మిమ్మల్ని చూసి కాదు, ఆవిణ్ణి చూసి. ఇకమీదట ప్రతి శుక్రవారం ఆవిణ్ణి కొడుకే తీసుకెళ్లాలి. తప్పిందని తెలిస్తే ఊరుకోను.”

బయటికి రాగానే హీరో లాయరు భుజం చరిచాడు. “ఏం మనిషి సార్ ఆవిడ! ముందు గుండె ఆగినంత పనైంది కానీ, చివరికి నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాటలన్నీ మీరే రాసిచ్చారా?”

“లేదు.”

“మరింకేం, మా సినిమాలోకి పంపండి. ఆ శుక్రవారాల గోల మాత్రం మీరే ఎలాగో సర్దండి, నాకు షూటింగులున్నాయి.”

హీరో కారు గేటు దాటుతూనే వేగం అందుకుంది. లాయరు జేబులో ఫోన్ మోగింది. మంత్రిగారి మనిషి. ఆయన దాన్ని కట్ చేసి, మెట్ల దగ్గర నిలబడ్డాడు. పెద్దావిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. లాయరు తన కారు ముందు సీటు మీది ఫైళ్లన్నీ తీసి వెనక పడేసి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కు,” అన్నాడు.

“నీకు బోలెడు పనుంటుంది, నేను బస్సులో పోతాలేరా,” అంది లాయరు కన్నతల్లి.