ఇళ్ల ధరలు దించిన అత్తగారు

"ఇళ్ల ధరలు పడిపోవడానికి కారణం బ్యాంకులు కావు. ప్రభుత్వం కాదు. మా కంపెనీ అసలే కాదు," అన్నాడు షెన్, మైకు పట్టుకుని. "మీరే, అమ్మలారా!"

పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తున్న చేతులు ఒక్కసారి ఆగిపోయాయి.

అది 'సాగరతీరం' ఫ్లాట్లు అమ్మే ఆఫీసు. చైనాలో అన్హుయ్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊరివాళ్లు సాగరం చూడాలంటే రైలెక్కి వేరే రాష్ట్రం పోవాలి. పేరుకేం, డబ్బులా దస్కమా! సేల్స్ మేనేజరు షెన్ ఊళ్లోని ఆడపిల్లల తల్లులందరినీ మీటింగుకి పిలిచాడు. వచ్చినవాళ్లకి తలా ఒక నూనె డబ్బా ఉచితం. అందుకని ఆడపిల్లలు లేనివాళ్లు కూడా వచ్చారు.

"ఒకప్పుడు ఇల్లు లేని కుర్రాడికి మన ఊళ్లో పిల్లనిచ్చేవారా? అత్తలు పట్టుబట్టి అడిగేవారు. అల్లుళ్లు అప్పో సప్పో చేసి కొనేవారు. ధరలు పెరిగేవి. ఇప్పుడో? పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు, చాల్లెమ్మని ఊరుకుంటున్నారు! అడగందే అమ్మయినా పెట్టదు. అల్లుడు పెడతాడా?"

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది పాన్. కూడబెట్టిందంతా పోసి ఆమె సాగరతీరంలో రెండు ఫ్లాట్లు కొంది. ఇప్పుడు సగం ధరకిస్తానన్నా తీసుకునే నాథుడు లేడు. కడుపు రగిలిపోతోంది. ఎవర్నో ఒకర్ని నాలుగు తిడితేగానీ చల్లారేలా లేదు.

"సార్, అలాంటి అత్త ఇక్కడే ఉంది!" అంటూ లేచి వెనక వరుస వైపు వేలు చూపించింది. "ఈ లువాన్ అక్క! వచ్చే నెల కూతురి పెళ్లి. సంబంధం ఎవరిదో చెప్పదు. పెళ్లీ హెఫెయ్ సిటీలోనే, కాపురమూ అక్కడే, అద్దె గదిలో! ఈవిణ్ణి చూసి ఊరంతా చెడిపోతోంది."

షెన్ అప్పుడే అటు చూశాడు. చేతిలోని టీ కప్పు మూత ఠంగుమని కిందపడింది.

"పోనీలెండి, ఎవరిష్టం వాళ్లది. ఇక నూనె డబ్బాలు పంచుదాం," అన్నాడు.

"భలేవారే! ఇంతసేపూ గొంతు చించుకుని చెప్పిందేంటి మరి?" పాన్ వదల్లేదు. "ఏమక్కా, పిల్లకేమైనా లోపమా? ఎవడో ఒకడు చేసుకుంటే చాలనుకున్నావా? ఇల్లు కొంటేనే పెళ్లి, లేకపోతే లేదని ఇప్పుడే వాళ్లకి ఫోన్ చెయ్యి. మా ముందే చెయ్యి!"

"చెయ్యాల్సిందే!" అన్నారు మిగతావాళ్లు.

లువాన్ పక్కన కూర్చున్న కూతురు తల వంచుకుంది. ఒళ్లో కన్నీటి చుక్కలు రాలాయి. లువాన్‌కి ఒళ్లు మండింది.

"అడగలేదని ఎవరన్నారు? అడిగాను. ఈ సాగరతీరంలోనే కొనమన్నాను. పండక్కీ పబ్బానికీ వచ్చినా నా కళ్లముందుంటారని."

"మరి?"

"పిల్లాడి తండ్రే వద్దన్నాడు. 'ఆ గోడలకి మేకు కొడితే పక్కింట్లో తేలుతుంది. లిఫ్టు కోసం తవ్విన గోతిలో కప్పలు కాపురం పెట్టాయి. పిల్లల్ని హాయిగా అద్దెకుండనివ్వండి. పెళ్లయ్యేదాకా మా పేరు మాత్రం బయటపెట్టకండి' అన్నాడు. సరే కదా అని ఇన్నాళ్లూ మాటలు పడ్డాను."

హాలంతా గోలగోలైంది.

"ఓరి వీడి నోరు పడిపోను!" అరిచింది పాన్. "మన కొంప ముంచింది వీడన్నమాట! ఇలాంటివాళ్ల మాటల వల్లే కదా కొనేవాళ్లు పారిపోతున్నారు! ఎవడక్కా వాడు? పేరు చెప్పు. అందరం కలిసి వెళ్లి ఇంటిముందు కూర్చుందాం."

లువాన్ కూతురి కళ్లు తుడిచి, మైకు వైపు తిరిగింది.

"మీరే చెబుతారా వియ్యంకుడుగారూ, నన్ను చెప్పమంటారా?"