తాళంచెవి లాక్కున్నవాడు

మిట్టమధ్యాహ్నం, పోర్టు దగ్గర ట్యాంకర్లు బారులు తీరే రోడ్డు మీద బండి ఆగిపోయింది.

వెనక కూర్చున్న కేథరిన్ భర్త భుజం గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఎనిమిదో నెల. పొద్దున్నుంచీ ఉండుండి నొప్పులు వస్తున్నాయి. ఒడిలో చోటు లేక నాలుగేళ్ల పాపను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరారు.

"ఏటైందండీ?"

"ఉండు, సూత్తన్నాను."

ఆరోన్ సెల్ఫు నొక్కాడు. చప్పుడు లేదు. హారన్ కూడా పలకలేదు. కేథరిన్‌ను దింపి పదిసార్లు కిక్కు కొట్టాడు. చొక్కా తడిసింది గానీ బండి కదల్లేదు.

అది వాళ్ల నాన్న నడిపిన పాత బండి. దాని అలకలన్నీ తనకి తెలుసని ఆరోన్ నమ్మకం.

"అన్నీ ఒక్కసారే పోయాయంటే ఫ్యూజే" అంటూ పక్క మూత ఊడదీశాడు.

నిజమే. ఫ్యూజు మాడిపోయి ఉంది.

ఎందుకు మాడిందో ఆలోచించే తీరిక భయపడ్డవాడికి ఎక్కడుంటుంది? పాప చేతిలోని చాక్లెట్ వెండి కాగితం తీసుకుని, ఫ్యూజుకి చుట్టడం మొదలుపెట్టాడు.

"తొందరగా కానియ్యండి. మళ్లీ వత్తంది" అంది కేథరిన్ నడుం పట్టుకుని.

అప్పుడొచ్చాడు వాడు.

మాసిన గడ్డం, చిరిగిన చొక్కా, ఒక కాలికే చెప్పు. ఎక్కణ్నుంచో పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు.

"పె... పె... పెట్..." అన్నాడు.

"పెట్టమంటన్నాడండీ. ఆకలేమో పాపం."

కేథరిన్ సంచీలోంచి బన్ను తీసి ఇచ్చింది. వాడు దాన్ని చూడనైనా లేదు. వాడి కళ్లు పాప మీదే ఉన్నాయి.

"పాపని దించు" అన్నాడు. ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. రెండు చేతులూ చాచాడు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వారం రోజులుగా ఫోనులో ఒకటే మెసేజీలు.

"ఏవండీ! పాపని పట్టుకుంటన్నాడు!"

"ఏయ్, సెయ్యి తియ్!" ఆరోన్ అరిచాడు. గబగబా మూత బిగించాడు.

"ఎక్కు కేథరిన్, ఎక్కు!"

ఆరోన్ తాళంచెవి తిప్పబోయాడు.

వాడు ఒక్క ఉదుటున మీదికొచ్చి తాళంచెవి ఊడలాగి, మురుక్కాలవలోకి విసిరేశాడు. ఆరోన్ తేరుకునేలోగా పాపను ట్యాంకు మీదనుంచి ఎత్తుకుని పరుగు తీశాడు.

"యేసయ్యా! నా బిడ్డ!"

ఆ కేకకి ట్యాంకర్ల డ్రైవర్లందరూ దూకి వచ్చారు. వాడు నిజానికి ఎంతో దూరం పోలేదు. ఇరవై అడుగుల అవతల ఆగి, పాపను నేల మీద దింపి నిలబడ్డాడు. అది గమనించే స్థితిలో అక్కడెవరూ లేరు.

మొదటి దెబ్బ ఆరోన్‌దే.

దెబ్బలు తింటూనే వాడు బండి వైపు చెయ్యి చూపించాడు. "పె... పె..."

"ఇంకా పెట్టమంటన్నాడు సూడు! పెడతాం రా!" అని అందరూ కలిసి పెట్టారు.

ఎవరో ఆటో పిలిచారు. బండిని అక్కడే వదిలేసి ముగ్గురూ ఆస్పత్రికి చేరారు. అవి ప్రసవం నొప్పులు కావనీ, బిడ్డ క్షేమమనీ డాక్టరమ్మ చెప్పాక గానీ ఆరోన్‌కి ఊపిరి ఆడలేదు.

సాయంత్రం ఆటోనగర్ నుంచి వరహాలు ఫోన్ చేశాడు. బండిని వ్యానులో ఎక్కించి తెచ్చిన మెకానిక్కు, ఆరోన్‌కి చిన్ననాటి స్నేహితుడు.

"బావా, ఫ్యూజుకి వెండి కాగితం ఎవుడు సుట్టాడు?"

"నానే."

"బుద్దుందేటి నీకు? ట్యాంకు కింద గొట్టం పగిలి పెట్రోలు కారతంది. దాని కిందే వైరు తోలూడి ఇనపకి తగులుతంది. ఫ్యూజు పోయింది అందుకే. ఆ కాగితంతో తాళం తిప్పుంటే రవ్వ లేసి ఏటవుద్దో తెలుసా? తిప్పలేదు గదా?"

"లేదు."

"వాసనైనా తెలీలేదా?"

"ట్యాంకర్ల రోడ్డు బావా. అక్కడ గాలంతా అదే వాసన."

అని ఆరోన్ ఆగిపోయాడు. పెట్టమని కాదు, ఆ మనిషి పెట్రోలు అనబోయాడు. మధ్యాహ్నం పడ్డ భయం ఇప్పటి భయం ముందు ఏపాటిది?

తెల్లారగానే అక్కడికి పరుగెత్తాడు. నిన్న మూసి ఉన్న సోడా బడ్డీ ఇవాళ తెరిచి ఉంది. బడ్డీ చిట్టమ్మదిట. ఆమెకి గుర్తులు చెప్పి అడిగాడు.

"కన్నబాబా? ఆళ్లన్న వచ్చి ఊరు తీసుకెల్లిపోనాడు బాబూ. దెబ్బలకి ఒక కన్ను కనపడ్డం లేదట. ఇంక ఈ రోడ్డు మొకం సూడనివ్వనన్నాడు. నిన్న నాను పూర్ణా మార్కెట్టుకెల్లాను గానీ, ఉంటే కొట్టనిచ్చీదాన్నా?"

కొట్టింది తనేనన్న సంగతి దాచి, ఆరోన్ అడిగాడు.

"అతనికి... మాట సరిగ్గా రాదా అమ్మా?"

"ఎందుకు రాదు? నాతో పొద్దస్తమానం బాగానే మాటాడతాడు. పెట్రోలన్న మాట ఒకటే నోట్లోంచి రాదు. ఇక్కడ బండాగిపోయిందంటే సాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేత్తాడు."

"ఎందుకలాగ?"

చిట్టమ్మ చేతిలో సీసా పక్కన పెట్టింది.

"మూడేళ్ల కిందట ఇక్కడే ఆడి బండాగిపోతే, ఆడే ఏదో బాగుసేసి తాళం తిప్పినాడు బాబూ, కూతురు ట్యాంకు మీద కూకోనుండగా."